సెంటర్ ఆటగాడి కుడిచెయ్యి

ఇంతవరకు ఎవరికీ చెప్పని సంగతితో మొదలుపెడతాను. పట్టు పడే క్షణంలో నేను కళ్లు మూసుకుంటాను.

ఎనిమిదేళ్లు ఒక ప్రొఫెషనల్ కబడ్డీ జట్టుకి పనిచేశాను. కాలేజీ కుర్రాళ్లలో డిఫెండర్లని, అంటే కూతకొచ్చినవాణ్ని పట్టేవాళ్లని, చూసి, బేరీజు వేసి, జట్లు వంతులవారీగా కొత్తవాళ్లని ఎంచుకునే డ్రాఫ్టులో ఎవరిని తీసుకోవచ్చో రాసివ్వడం నా ఉద్యోగం. కోర్టు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని వందల మ్యాచ్‌లు చూశాను. నలుగురు ఒక్కసారి మీదికి దూకి, మోకాళ్లూ మోచేతులూ ఢీకొనే చప్పుడు వస్తుందే, సరిగ్గా ఆ అర సెకను నేను చూడను. విజిల్ వినబడ్డాక కళ్లు తెరిచి, ఎవరు కింద ఉన్నారో ఎవరు పైన ఉన్నారో రాసుకునేదాన్ని. మిగతాది ఇంటికొచ్చి వీడియోలో స్పీడు తగ్గించి చూసుకునేదాన్ని. వీడియోలో భయం వెయ్యదు. ఎందుకో తెలీదు.

ఈ సంగతి తెలిస్తే నన్ను ఒక్కరోజు కూడా ఉంచేవారు కాదు. ఇప్పుడు మానేశాను కాబట్టి చెప్పొచ్చు. ముప్పై రెండేళ్లకి రిటైరయ్యానంటే మా వీధిలో నవ్వుతున్నారు. ఎనిమిదేళ్లలో నేను విన్న మాటలు వాళ్లు వింటే ఇరవై ఎనిమిదికే రిటైరయ్యేవారు.

ఇప్పుడు ఈ పనిలోకి చాలామంది వస్తున్నారు. లాప్‌టాప్ ఉంటే చాలనుకుంటున్నారు. ఇద్దరు ముగ్గురు నాకు ఫోన్ చేసి, "అక్కా, ఏం నేర్చుకుని రావాలి?" అని అడిగారు. ఫోన్లో నేను మాట్లాడలేను. "ఊఁ", "సరే" తప్ప నా నోట్లోంచి ఏమీ రాదు. అందుకే రాస్తున్నాను.

స్కోరు బల్ల

మా నాన్న యానాంలో డ్రిల్లు మాస్టారు. ఇల్లు ఫరంపేటలో. ఎక్కడ కబడ్డీ టోర్నమెంటు జరిగినా నిర్వహణ నాన్నదే, స్కోరు బల్ల నాది. "నోరు విప్పని పిల్లకి నోరక్కర్లేని పని దొరికింది" అని అమ్మతో అనేవారు. నాకు ఆ బల్ల నచ్చింది. అక్కడ నన్నెవరూ చూడరు, నేను అందర్నీ చూడొచ్చు. స్కోరు షీటులో పట్టనివి డైరీలో రాసుకునేదాన్ని. ఫలానా అబ్బాయి జట్టు ఓడిపోతుంటే నవ్వుతాడు. ఫలానా అబ్బాయి ఎడమ మోకాలు దాచుకుంటున్నాడు. ఇలాంటివి.

ఒకసారి ఆ డైరీ బల్ల మీద మర్చిపోయి మంచినీళ్లకి వెళ్లాను. తిరిగొచ్చేసరికి కాకినాడ నుంచి వచ్చిన మూర్తి గారు దాన్ని చదువుతున్నారు. ఒకప్పటి ఆటగాడాయన, నేను మొదట్లో చెప్పిన ఆ ప్రొఫెషనల్ జట్టుకి కొత్త కుర్రాళ్లని వెతికే విభాగానికి పెద్ద.

"ఎవరమ్మా రాసింది?" అన్నారు.

నాన్న నన్ను చూపించారు. నాకు బల్ల కింద దూరాలనిపించింది.

"పన్నెండో పేజీలో ఒకడు పొద్దున టిఫిన్ తినకుండా ఆడాడని రాశావు. ఎలా తెలిసింది?"

"రెండోసారి లైను తాకడానికి వంగినప్పుడు కళ్లు తిరిగినట్టు ఆగాడండి."

ఆ నెలలోనే ఉద్యోగంలో చేరాను. పుస్తకాలు చదువుకుంటూ ఇంట్లోనే ఉండిపోతానని బెంగపడ్డ అమ్మ సంతోషించింది. వీధి మాత్రం సంతోషించలేదు. "ఆడపిల్లకి ఇదేం ఉజ్జోగమమ్మా, మగపిల్లల తొడలు సూసి రాయడం?" అని ఎదురింటి మామ్మ మా గుమ్మంలోనే నిలబడి అంది.

పెళ్లి వీడియోలు

వీడియోలు చూసి ఆటగాళ్లని అంచనా వేస్తారంటే వినడానికి బాగుంటుంది. ఆ వీడియోలు ఎవరు తీస్తారో మాత్రం ఎవరూ అడగరు. మన వైపు కాలేజీ టోర్నమెంట్లు తీసేది పెళ్లిళ్ల వీడియోగ్రాఫరే. ఆయన తనకి తెలిసిన పని చేస్తాడు. మ్యాచ్ నడుస్తుండగా ముఖ్య అతిథి వస్తే కెమెరా అటు తిరుగుతుంది. శాలువా కప్పుతారు, బొకే ఇస్తారు, ఆయన దణ్ణం పెడతాడు. వెనకాల జనం ఒక్కసారి కేకలేస్తారు. ఎందుకు అరిచారో ఇక ఎప్పటికీ తెలీదు. ఏదో గొప్ప పట్టు ఆ శాలువా వెనకాల జరిగిపోయింది. ఒక సెమీఫైనల్లో ఆట మొత్తం మీద, పెళ్లి వీడియోలో లాగా ఎడిటింగ్‌లో కలిపిన గులాబీ రేకులు రాలాయి.

ఒకాయనకి ఫోన్ చెయ్యడానికి రెండు రోజులు ధైర్యం కూడగట్టుకుని, "ఏడుగురూ కనబడేలా దూరం నుంచి తీయండి" అని బతిమాలాను.

"దూరంగా తీత్తే మొకాలు కనపడవు గదండీ. ఆళ్ల అమ్మలు సూసుకోవద్దేటండీ?" అన్నాడు.

మీరు ఈ పనిలోకి వస్తే మొదటి జీతంతో ఒక కెమెరా, ఒక ఎత్తైన స్టాండు కొనుక్కోండి. డిఫెండర్ల వెనక, ఎత్తులో పెట్టండి. ముఖ్య అతిథి వచ్చినా దాన్ని కదపకండి. తిడతారు, పడండి.

మూర్తి గారి టేపు

మూర్తి గారి జేబులో దర్జీ టేపు ఉంటుంది. కుర్రాడు నమస్కారం పెట్టగానే మెడ కొలుస్తారు. తర్వాత తొడ. "మెడ లేనివాడు పట్టు పట్టలేడమ్మా. రాసుకో." నేను రాసుకునేదాన్ని. మంచి మెడలున్న వాళ్లు ఎంతమంది మా జట్టులో బెంచీ మీద కూర్చుని వెళ్లిపోయారో కూడా రాసుకునేదాన్ని, కానీ అది డైరీలో.

బరువు తూచే రోజు ఇంకా చికాకు. ఆటలో బరువుకి పరిమితి ఉంది. అరకిలో ఎక్కువున్నవాడు ముందురోజు నుంచి నీళ్లు మానేస్తాడు, స్వెటరు వేసుకుని ఎండలో పరిగెడతాడు. పొద్దున కాటా ఎక్కి గట్టెక్కుతాడు. దిగగానే డజను ఇడ్లీలు. గంటకల్లా మేము ట్రయల్ పెడతాం. వాడు కోర్టు పక్కన వాంతి చేసుకుంటాడు. మేము 'ఓపిక తక్కువ' అని రాస్తాం. ఆ మాట నేనే నలుగురైదుగురి పేర్ల ఎదురుగా రాశాను. కాటా ముందు వాళ్లు ఏం తిన్నారో అడగాలని నాకు మూడేళ్లదాకా తట్టలేదు. తిండి తినని పిల్లవాణ్ని డైరీలో పట్టుకున్న మనిషిని నేనే, జీతం తీసుకుంటూ మాత్రం పట్టుకోలేకపోయాను.

ఇక సిఫార్సులు. "మా బావమరిది కొడుకమ్మా, సింహం" అనే మాట నేను ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. ప్రతి కాలేజీ కోచ్ దగ్గరా ఒక సింహం ఉంటుంది. ఒకాయన మా ఇంటికి పులస పంపాడు. వెనక్కి పంపించానని అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. కోచ్‌ని "మీ మంచి ఆటగాడు ఎవరు?" అని అడగకండి. "మీ అబ్బాయిల్లో ఎవరు రాకపోతే మ్యాచ్ వాయిదా వెయ్యాలనిపిస్తుంది?" అని అడగండి. ఆ ప్రశ్నకి వాళ్లు అబద్ధం తయారు చేసుకుని ఉండరు.

చేతులు

నా ఎనిమిదేళ్లలో చెప్పుకోదగ్గ సంగతి ఒక్కటే. దాన్ని నేను పాడుచేశాను కాబట్టి వివరంగా చెబుతాను.

పట్టు పట్టేటప్పుడు ఏడుగురూ విడివిడిగా నిలబడరు. చేతులు పట్టుకుని గొలుసులా నిలబడతారు. మధ్యలో ఉండేవాడు సెంటర్. అతని కుడిచెయ్యి పట్టుకుని నిలబడేవాడు రైట్ కవర్. కూతకొచ్చినవాడు లోపలికి వచ్చినప్పుడు కవర్ చెయ్యి వదిలించుకుని వాడి ఛాతీ మీదికి దూకి గీత బయటికి నెట్టేస్తాడు. దాన్ని డాష్ అంటారు. జనం ఈలలు వేస్తారు. పాయింటు కవర్ పేరు మీద పడుతుంది. సెంటర్ పేరు మీద ఏమీ పడదు.

మా ఊరి కాలేజీ జట్టులో నాలుగేళ్ల కిందట రైట్ కవర్ దుర్గాప్రసాద్. అగ్రహారం కుర్రాడు. మూర్తి గారు కలలు కనే మెడ. డాష్ చేస్తే తలుపు వేసిన చప్పుడు వచ్చేది. సెంటర్ నూకరాజు. దరియాలతిప్పలో చేపలు పట్టే ఇంటి కుర్రాడు. బక్కగా, పొడుగ్గా, మ్యాచ్‌లో ఉన్నాడో లేడో తెలియనట్టు ఉండేవాడు.

అందరూ దుర్గాప్రసాద్ డాష్ చూస్తున్నారు. నేను కళ్లు మూసుకుంటాను కాబట్టి దానికి ముందు జరిగేదే చూస్తాను. వాళ్ల వెనకాల కుర్చీలో కూర్చుంటే కనబడేవి వీపులు, చేతులు. మూడో మ్యాచ్‌లో గమనించాను. డాష్‌కి ముందు ప్రతిసారీ నూకరాజు వేళ్లు ఒక్కసారి బిగుసుకుని వదులవుతున్నాయి. వేళ్లు బిగుసుకోనప్పుడు దుర్గాప్రసాద్ కదలడం లేదు.

నేను నేరుగా అడగలేను. మ్యాచ్ అయ్యాక నాన్నని తీసుకెళ్లాను.

"ఏరా, వీడి చెయ్యి నొక్కుతున్నావంట?" అన్నారు నాన్న.

నూకరాజు ఉలిక్కిపడ్డాడు. "ఎవరు సెప్పారండీ?"

"మా అమ్మాయి చూసింది."

నా వైపు చూసి మళ్లీ నాన్న వైపు తిరిగాడు. "ఆయ్, నొక్కుతానండి. లేకపోతే ఈడు కనపడ్డోడి మీదకల్లా ఎగిరిపోతాడండి. గేదె తాడు పట్టుకున్నట్టు పట్టుకోవాలండి."

"గేదెవడ్రా?" అన్నాడు పక్కనే నీళ్లు తాగుతున్న దుర్గాప్రసాద్.

"నిన్ను కాదెహె. తాడు గురించి సెబుతున్నా."

"ఎప్పుడు నొక్కాలో ఎలా తెలుస్తుంది?" అని నేనే అడిగాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

"కూతోడి మడమ సూత్తానండి. మడమ లేచుంటే ఎనక్కి పోవడానికి రెడీగా ఉన్నాడని. అప్పుడు ఎల్తే తప్పించుకుంటాడు. మడమ నేలకి ఆనిందంటే ఇంకో అడుగు లోపలికేత్తాడండి. అప్పుడు నొక్కుతాను."

ఆ రోజు డైరీలో రెండు పేజీలు రాశాను. చివర్లో నూకరాజు అన్న ఇంకో మాట కూడా రాశాను. కొత్త కుర్రాళ్ల డ్రాఫ్టుకి వయసు పరిమితి ఉంది. అతనికి అదే ఆఖరి ఏడు. "ఈ ఏడు రాకపోతే వయసైపోద్దండి. మా మావయ్య బోటులో నాకో సోటు ఉంచాడు. అందులో ఎక్కకూడదనే ఇదంతానండి."

రెండో వరుస

డ్రాఫ్టుకి ముందు పది పేర్ల జాబితా పంపాలి. జట్టులో డిఫెండర్‌కి ఒక్క ఖాళీ మిగిలి ఉంది. నేను నూకరాజుని రెండో వరుసలో, దుర్గాప్రసాద్‌ని మూడో వరుసలో పెట్టి పంపాను. మొదటి పేరు ఎలాగూ మా దాకా రాదని అందరికీ తెలుసు, మా కంటే ముందు వంతు ఉన్న జట్టు అతన్ని వదలదు. అంటే నా రెండో పేరే అసలు పేరు.

మూర్తి గారు ఫోన్ చేశారు.

"అమ్మా, రెండో వాడి సొంత పట్లు ఎన్ని?"

"మూడండి."

"టోర్నమెంటు మొత్తానికా?"

"అవునండి. కానీ మూడో అతని పట్లన్నీ ఇతనివేనండి."

"అదేమిటమ్మా, వాడి పట్లు వీడివి ఎలా అవుతాయి?"

చెప్పాను. చెయ్యి, వేళ్లు, మడమ. నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు.

"నేను పాతికేళ్లు ఆడాను. నాకు ఇలా నొక్కేవాడు ఒక్కడే దొరికాడు" అన్నారు. "సరే. రేపు కోచ్ గారి ముందు నువ్వే చెప్పు. నోటితో చెబితే ఆయనకి ఎక్కదు. లేచి నిలబడి, ఎవరో ఒకరి చెయ్యి పట్టుకుని చేసి చూపించు. కోచ్ గారు కూతకొచ్చినట్టు మడమ ఆనిస్తారు, నువ్వు నొక్కు. అయిపోతుంది."

అయిపోతుందట. కాకినాడ హోటల్లో ఆ గది నాకు తెలుసు. పొడుగు బల్ల, ఎనిమిది మంది మగవాళ్లు, టీ కప్పులు. వాళ్ల మధ్య లేచి, ఒకరి చెయ్యి పట్టుకుని, నొక్కి చూపించాలి. వీడియోలో చూపిద్దామంటే ముందు నుంచి తీసిన దాంట్లో వేళ్లు కనబడవు. స్టాండు మీద కెమెరా నేను అప్పటికింకా కొనలేదు. అద్దం ముందు నిలబడి నా ఎడమచెయ్యి నేనే పట్టుకుని అభ్యాసం చేశాను. రెండో మాట దగ్గరే చెయ్యి వదిలేశాను.

లాప్‌టాప్ తెరిచి రెండో వరుస కొట్టేశాను. మిగతా పేర్లు పైకి జరిగాయి. కొత్త జాబితా మళ్లీ పంపాను.

మర్నాడు కోచ్ గారు కాగితం చూసి, "ఆ ఊరి సెంటర్ ఒకడు ఉన్నాడని విన్నాను, ఇందులో లేడేం?" అని హిందీలో అడిగారు. హర్యానా ఆయన, ఆయన చెవులకి అన్నీ చేరతాయి. మూర్తి గారు నా వైపు చూశారు. నేను టీ కప్పు వైపు చూశాను.

"బక్కవాడు సార్. నాకు నచ్చలేదు" అన్నారు మూర్తి గారు.

ఆ మాట యానాం చేరడానికి రెండు రోజులు పట్టింది.

దుర్గాప్రసాద్‌ని తీసుకున్నారు. బాజాలతో ఊరేగించారు. నూకరాజు కూడా ఆ ఊరేగింపులో ఎగిరాడు.

నొక్కేవాడు లేక

దుర్గాప్రసాద్ మొదటి సీజన్ చూడడం శిక్ష. ప్రతి కూతకీ ముందే దూకేశాడు. కూతకొచ్చినవాళ్లు పక్కకి తప్పుకుంటే ఇతను గాలిని నెట్టి బోర్లా పడేవాడు. టీవీలో వ్యాఖ్యాతలు "అనుభవలేమి" అన్నారు. ఆరో మ్యాచ్ నుంచి బెంచీ. మూర్తి గారి మెడ సిద్ధాంతం మీద అందరూ జోకులు వేశారు. నాకు ఒక్క జోకూ నచ్చలేదు.

ప్రాక్టీసు దగ్గర ఒకరోజు అతనే నా పక్కన కూలబడ్డాడు. "మేడమ్, ఎప్పుడెల్లాలో నాకు తెలీట్లేదండి. ఇక్కడి సెంటర్ చెయ్యి ఉత్తినే పట్టుకుంటాడండి, సినిమా హాల్లో పట్టుకున్నట్టు. మా నూకరాజుగాణ్ని తీసుకోమని ఎవరికైనా సెప్పకూడదా?"

అప్పటికి నూకరాజు వయసు దాటిపోయింది. మావయ్య బోటు ఎక్కేశాడు. రెండేళ్లకి దుర్గాప్రసాద్ కూడా ఇంటికొచ్చేశాడు. ఒక్క వరుస కొట్టేసి ఇద్దరు ఆటగాళ్లని పోగొట్టాను. జట్టు రికార్డుల్లో నా పేరు మీద ఒక్క తప్పూ లేదు.

కొత్తగా వచ్చేవాళ్లకి నేను గట్టిగా చెప్పేది ఇదే. చూడగలగడం ఈ పనిలో సగం కూడా కాదు. మీరు చూసినది, మీ కంటే పెద్ద గొంతులున్న గదిలో లేచి చెప్పలేకపోతే, దయచేసి లైబ్రరీలోనో బ్యాంకులోనో ఉద్యోగం చూసుకోండి. సిగ్గు మంచి గుణమని మనకి చిన్నప్పటి నుంచి చెబుతారు. దాని నష్టం పక్కవాళ్లు మోస్తారని ఎవరూ చెప్పరు.

మూర్తి గారు

మూర్తి గారితో నాకు రోజూ గొడవే. అంటే, ఆయన అరిచేవారు, నేను డైరీలో అరిచేదాన్ని. కానీ ఆయన గురించి ఈ ఒక్కటీ రాయకపోతే అన్యాయం.

ఈ మధ్య యానాంలో టోర్నమెంటుకి ఆయన అతిథిగా వచ్చారు. బహుమతులిచ్చే సమయంలో నూకరాజు మావయ్య జనంలోంచి లేచాడు.

"ఏవండోయ్ మూర్తి గారూ! బక్కోడని మా వోణ్ని తీసేసిన పెద్దమడిసి మీరే గదా? ఆడు ఇయ్యాల వలలాగుతున్నాడండి. ఒచ్చి ఆడి మెడ కొలవండి, మూరెడైందేమో!"

జనం నవ్వారు. నాన్న కంగారుగా మైకు అందుకున్నారు. మూర్తి గారు కప్పు చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డారు. నా వైపు చూడను కూడా చూడలేదు. ఆయన దగ్గర నేను పంపిన రెండు జాబితాలూ ఉన్నాయి, మొదటిదీ రెండోదీ. నాలుగేళ్లుగా ఉన్నాయి.

కారు దగ్గరికి వెళ్లి, "మీరు చెప్పేయాల్సిందండి" అన్నాను.

"ఏమని?"

"కొట్టేసింది నేనని."

"నేను నెలకి ముప్పై మంది చేత తిట్లు తింటానమ్మా. ముప్పై ఒకటోది ఎవరిదైతే ఏం?" టేపు జేబులో కుక్కుకున్నారు. "అయినా తప్పు నాది. ఆ గదిలో నీ చెయ్యి నేనే పట్టుకుని లేపాల్సింది."

ఆ వారమే రాజీనామా పంపాను.

దరియాలతిప్ప

నూకరాజుకి చెప్పాలని పొద్దున్నే బయల్దేరాను. నాన్న వస్తానన్నారు, వద్దన్నాను. చెప్పాల్సిన మాటలు డైరీలో రాసుకున్నాను. దారిలో మూడుసార్లు చదువుకున్నాను.

గోదావరి ఒడ్డు మీదికి బోటు ఎక్కించి పెట్టారు. నూకరాజు దాని మీద నంబరుకి తెల్లరంగు వేస్తున్నాడు. నన్ను చూసి బ్రష్షు డబ్బాలో పెట్టి లేచాడు.

"మేడమ్! మాస్టారు బాగున్నారాండీ? మొన్న మావయ్య ఎక్కువ మాటాడాడండి. ఏటనుకోకండి. మీరొక్కరే నా ఆట సూసినోళ్లు. ఆ ముసలాయన..."

"మూర్తి గారు కాదు" అన్నాను. డైరీ తెరవలేదు. తెరిస్తే చదివేసి పారిపోతానని తెలుసు. "నీ పేరు జాబితాలో రెండోది. నేనే పెట్టాను. నేనే కొట్టేశాను. ఆయన తన మీద వేసుకున్నారు."

అతను అర్థం కానట్టు చూశాడు.

"ఎందుకండీ? నేను నొక్కేది మీకు కనపడింది గదండీ?"

"కనబడింది. అందరి ముందూ లేచి, ఎవరిదో చెయ్యి పట్టుకుని చూపించమన్నారు. సిగ్గేసింది."

"సిగ్గేసిందాండీ?"

"ఊఁ."

రంగు ఆరిపోతోంది. అతను దాన్ని చూసుకోలేదు. నది వైపు చూసి, బోటు వైపు చూసి, నెత్తి మీద తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. అరుస్తాడని ఎదురుచూశాను. అరిస్తే బాగుండునని కూడా అనుకున్నాను. ఇక వెళ్దామని వెనక్కి తిరిగాను. నాలుగడుగులు వేశాక పిలిచాడు.

"మేడమ్. మూర్తి గారైతే తిట్టుకోడానికి ఈలుగా ఉండేవోరండి. ఇప్పుడు మిమ్మల్నేటని తిట్టుకోనండి?"